షిరీన్ మంజిల్‌లో పదకొండు పరుపులు

మాది పరుపులు కుట్టే ఇల్లు. మా ఇంట్లో మాత్రం పరుపు లేదు.

ఆదోని మార్కెట్ యార్డు వెనక సందులో, మా ఇంటి ముందు, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా దూదేకే విల్లు మోగుతూనే ఉండేది. మా ఆయన చోటే సాబ్ దూది ఏకేవాడు, నేను పైన తొడిగే గలేబులు కుట్టేదాన్ని. శెట్ల ఇళ్ళలో, మిల్లు గుమాస్తాల ఇళ్ళలో, డాక్టరమ్మ ఇంట్లో, ఎక్కడ చూసినా మేం కుట్టిన పరుపులే. మేమిద్దరం, మా ముగ్గురు పిల్లలు మాత్రం ఈతచాపల మీద. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా ఈ సంగతి మా ఆయనకి వింతగా తోచలేదు. నాకు తోచింది. తోచిన మాట కడుపులో దాచుకునే రకం కాదు నేను.

ఒకసారి దూది మూటల బండి మీంచి జారిపడ్డాను. ఎడమ తుంటి పట్టేసింది. అప్పట్నుంచి కుడి పక్కకే తిరిగి పడుకోవాలి, ఎడమ మోకాలి కింద పాత చీర మడిచి పెట్టుకోవాలి. అది జారిపోయిందా, తెల్లారేదాకా మూలుగే.

"నాకొక పరుపు కుట్టియ్యప్పా" అంటే, "సూద్దాం లేమ్మే" అనేవాడు.

ఆ 'సూద్దాం' వినీ వినీ నా చెవులు తూట్లు పడ్డాయి. ఎనిమిదేళ్ళు అడిగాను. పండగ పూట అడిగాను, పోట్లాడి అడిగాను, రెండు రోజులు మాట్లాడకుండా కూడా అడిగాను. మనిషి మంచివాడు. ఎంత మంచివాడంటే కోపం వచ్చినప్పుడు కొట్లాడటానికి కూడా పనికిరాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఇంత పొడుగు, ఇంత వెడల్పు అని కొలిచి కుట్టం, మనిషిని చూసి కుడతాం. పరుపు కావాలన్నవాళ్ళని మంచం మీద పరిచిన దూది మీద కాసేపు పడుకోమంటాం. లేచాక, పడిన గుంత చూస్తాం. గుంతలో అంతా తెలుస్తుంది. వెల్లకిలా పడుకునే మనిషా, పక్కకి తిరిగే మనిషా, బరువు నడుం మీద వేస్తాడా, భుజం మీద వేస్తాడా. దాన్నిబట్టి ఒకచోట గుప్పెడు ఎక్కువ, ఒకచోట గుప్పెడు తక్కువ. ఆడవాళ్ళయితే ఆ గుంత నేను చూసి మా ఆయనకి చెప్పేదాన్ని. మొగుడూ పెళ్ళాలకి ఒకే పరుపంటే మా ఆయన ఒప్పుకునేవాడు కాదు, రెండు కుట్టి పక్కపక్కన వేసుకోమనేవాడు. ఒకరి పరుపు మీద ఇంకొకరికి నిద్ర పట్టదు. పత్తి వ్యాపారి విశ్వేశ్వరయ్య శెట్టి తమ్ముడు ఒకసారి అన్న పరుపు మీద పడుకుని తెల్లారి మెడ తిప్పలేకపోయాడు. ఆ సంగతి శెట్టిగారే ఊరంతా చెప్పి మాకు పేరు తెచ్చాడు.

ఆ శెట్టిగారే డెబ్బై అయిదులో, దసరా అయిన వారానికి మా ఇంటికొచ్చాడు.

"ఏమప్పా చోటే సాబూ, బొంబాయికి పోతావా?"

మా ఆయన విల్లు ఆపలేదు. నేనే ఆపమన్నాను.

శెట్టిగారు పత్తి పని మీద ఏడాదికి నాలుగుసార్లు బొంబాయికి పోతాడు. వాళ్ళ నాయన కాలం నుంచీ ఒకే హోటల్లో దిగుతారు. దాని పేరు షిరీన్ మంజిల్. హోటలంటే మన బస్టాండు కాడ ఉండేలాంటిది కాదు. నూరేళ్ళ కిందట ఒక పార్సీ ఓడల వ్యాపారి కట్టుకున్న బంగళా, ఇప్పుడు ఆ ఇంటి కోడలు షిరీన్ బాయి, ముసలావిడ, దానికి తన పేరు పెట్టుకుని పదకొండు గదులు తెలిసినవాళ్ళకే ఇస్తుంది. గదులు బంగారం. పరుపులు మాత్రం రాళ్ళు. దూది ఉండలు కట్టి, పడుకుంటే వీపుకి గులకరాళ్ళు గుచ్చుకున్నట్టు ఉంటుందట.

"నేను మాటిచ్చి వచ్చినా" అన్నాడు శెట్టిగారు. "మా ఆదోనిలో ఒకడుండాడు, వాని పరుపు మీద పండుకుంటే పొద్దున లేయబుద్ధి కాదని ఆ బాయితో చెప్పినా. బొంబాయిలో పరుపులోళ్ళకేం కరువు అనింది. మా వాణ్ణి ఒకసారి చూడమ్మా అన్నా. ఇంక నా పరువు నీ చేతిలో పెట్టినా."

"నేనూ వస్తా" అన్నాను. "నేను లేకుంటే కుట్టు ఎవురు కుడతారు? కానీ ఒక మాట. పదకొండు గదులూ అయినాక, ఒక గదిలో ఒక్క దినం నేను పండుకోవల్ల. పరుపు మీద. అట్లయితేనే."

శెట్టిగారు పకపకా నవ్వి, బాయిని తాను అడుగుతానన్నాడు. మా ఆయన నావైపు చూసి, ఏమీ అనకుండా విల్లు అందుకున్నాడు. 'సూద్దాం' అనకపోవడమే నాకు ఈదుల్ ఫితర్ లాగా అనిపించింది.

గుడ్డ కోసం ఇద్దరం ఎమ్మిగనూరు బస్సెక్కాం. మగ్గం నేసే మాదన్న మాకు ఎప్పుడూ గలేబు గుడ్డ ఇచ్చేవాడు. నీలం గీతల గుడ్డ, ఎంత గట్టిదంటే దబ్బనం దిగాలంటే మొట్టికాయ వెయ్యాలి. బొంబాయి మాట వినగానే మాదన్న మగ్గం గుంతలోంచి లేచి నిలబడ్డాడు.

"అయితే దొరసానులు నా గీతల మీద పండుకుంటారన్నమాట! ఈపు మీద గీతలు పడకుండా సూడక్కా" అన్నాడు. గుడ్డ రెండు బారలు ఎక్కువే కొలిచాడు, ఎందుకని అడిగితే "నీక్కూడా ఒకటి కుట్టుకో" అన్నాడు. నేను మా ఆయన ముఖం చూశాను. ఆయన బస్సు టైమడుగుతున్నాడు.

పిల్లల్ని మా అక్క మహబూబ్ బీ ఇంట్లో వదిలి బొంబాయి మెయిలెక్కాం. విల్లు పైన సామాన్ల బల్ల మీద పట్టక, రాయచూరు దాకా మా ఆయన ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. ఎదురు బెంచీలో ఒకాయన అది చూసి ఏం వాయిస్తారని అడిగాడు. "దూది" అన్నాడు మా ఆయన. ఆయన చాలా సేపు ఆలోచించాడు పాపం.

షిరీన్ మంజిల్ని నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుని గది గదీ తిరిగి రాగలను. గుమ్మంలో నల్లరాయి మెట్లు, లోపల గాలికి కూడా కిర్రుమనే టేకు మెట్లు. కోళ్ళగూడు లాంటి ఇనుప జాలీ లిఫ్టు, తాడు లాగితే కదిలేది. నేల మీద గచ్చు కాదు, పూలపూల పలకలు. చెప్పులేసుకుని వాటిని తొక్కడానికి మనసు రాక చేత్తో పట్టుకుని నడిచాను. గోడల నిండా మీసాల తాతలు, లేసు చీరల అవ్వలు. ఏ గదికా గది వేరే రంగు. ఏడో నంబరు గదిలో కిటికీకి ఎర్ర గాజు, పచ్చ గాజు, అవతల సముద్రం. పొద్దు వాలేటప్పుడు ఆ రంగులు మంచం మీద పడేవి. ఇత్తడి బుడిపెల మంచం. దాన్ని చూసిన రోజే అనుకున్నాను, నా గది ఇదే అని.

షిరీన్ బాయికి డెబ్బై ఏళ్ళుంటాయి. కళ్ళద్దాలకి గొలుసు, తల మీద చీర కొంగు, గొంతు మాత్రం పోలీసు గొంతు. ఆమె హిందీ, మా ఆదోని ఉర్దూ దూరపు చుట్టాలు, చేతులు తిప్పితే కలిసిపోయేవి. మాకు మిద్దె మీద రేకుల గది ఇచ్చింది. అక్కడే పని, అక్కడే పడక, అక్కడే నా జొన్నరొట్టెలు. రెండోనాడు వాసన పట్టుకుని పైకి వచ్చి రొట్టె, చెనిగ్గింజల చట్నీ తిని, కళ్ళలో నీళ్ళు కారుతున్నా ఇంకోటి అడిగింది. అప్పట్నుంచి నాకు నచ్చింది.

చిక్కు మొదటిరోజే వచ్చింది. మా ఆయన ఒకటో నంబరు గదిలో పడుకునేది ఎవరని అడిగాడు.

"ఇవాళ నాగపూర్ వకీలు. రేపు ఎవరొస్తే వాళ్ళు" అంది బాయి.

"రెండో నంబరు?"

"ఎవరొస్తే వాళ్ళు."

పదకొండూ అంతే. మా ఆయన మిద్దె మీదికి వచ్చి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. విల్లు ముట్టుకోలేదు.

"ఎవురో ఒకరంటే ఎట్ల కుట్టేది మే?"

"అందరికీ సమంగా పరిచెయ్."

"సమంగా పరిచేదానికి ఆదోని నుంచి నేనెందుకు రావల్ల? యాడి మనిషైనా పరుస్తాడు. ముఖం తెలియని మనిషికి సెయ్యి పోదు మే నాకు."

ఆ రోజంతా అట్లాగే కూర్చున్నాడు. శెట్టిగారి మాట పోతుంది, నా ఏడో నంబరు పోతుంది. మర్నాడు నేను లేచేసరికి మాత్రం విల్లు మోగుతోంది. టంయ్ టంయ్ అని, ఆదోనిలో మోగినట్టే. ఏం తేల్చుకున్నాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మోగింది కదా, అది చాలనుకున్నాను.

పద్దెనిమిది రోజులు పనిచేశాం. పాత దూది దులిపి, శెట్టిగారు పంపిన కొత్త దూది కలిపి ఏకడం ఇద్దరం చేసేవాళ్ళం. అంచులు కుట్టడం నాది. నింపడం మాత్రం తెల్లవారుజామున, నేను స్టవ్వు దగ్గర ఉన్నప్పుడు, ఆయనొక్కడే చేసుకునేవాడు. ఒకరోజు చూశాను, ఒక పక్కకి రెండు గుప్పెళ్ళు ఎక్కువే వేస్తున్నాడు. మంచం గోడ పక్కకి వాలుతుందేమో, అందుకని అనుకున్నాను. నేను పెద్ద తెలివైనదాన్నని నాకు అప్పట్లో బాగా నమ్మకం.

పదకొండూ గదుల్లో వేసేశాం. శెట్టిగారు వస్తానన్న రోజు దాకా ఆగాం.

ఆయన రాకముందే మాటలు మొదలయ్యాయి. మళ్ళీ వచ్చి దిగిన నాగపూర్ వకీలు మోకాలి కింద ఏదో ముద్ద ఉందన్నాడు. కలకత్తా నుంచి వచ్చిన పొడుగాటి దొర, భుజం ఉండాల్సిన చోట గట్టు, వీపు ఉండాల్సిన చోట గుంత అన్నాడట. తర్వాత శెట్టిగారు వచ్చి, ఏడో నంబరులో పడుకుని, తెల్లారి నడుం పట్టుకుని వంగి బయటికి వచ్చాడు.

"ఏం పని చేసినావప్పా?" అని ఏడో నంబరు గదిలోనే అరిచాడు. "మోకాలి కాడ ముద్ద, భుజం కాడ గుంత! పదకొండు గదుల్లోనూ ఇదే కథ. నేను ఈ ఇంట్లో ఇంక తలెత్తుకుని దిగేది ఎట్ల?"

మా ఆయన నేల మీది పూలు చూస్తున్నాడు. షిరీన్ బాయి మాత్రం అరవలేదు. ఒకటీ రెండూ చెడితే చెయ్యి జారిందనుకోవచ్చు గానీ పదకొండూ అచ్చు ఒకే తీరున ఎట్లా చెడ్డాయి చెప్పు నాయనా, అని మెల్లగా అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళ చేతి పని, ఇంటింటా వచ్చిన పేరు, అంతా బొంబాయి సముద్రంలో కలిపేశాడు. పైగా బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

"నోరు లేదా నీకు? సెప్పు!" అన్నాను. "సెప్పకుంటే నేనే సూస్తా. గుంత సూసేది నాకూ వస్తాది."

"వద్దు మే" అన్నాడు. ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

వద్దంటే ఆగే మనిషినా నేను? శెట్టిగారు మర్యాదగా వరండాలోకి పోయాడు. నేను ఇత్తడి బుడిపె పట్టుకుని మంచమెక్కి, కుడి పక్కకి తిరిగి పడుకున్నాను.

భుజం పోయి గుంతలో కూర్చుంది. నడుం కింద దూది లేచి వచ్చి పట్టుకుంది. ఎడమ కాలు ముడిచాను, మోకాలు ఎక్కడ ఆనిందో అక్కడ ఆ ముద్ద ఉంది. పాత చీర మడత ఎంత ఎత్తుంటుందో అంతే. తుంటిలో ఏళ్ళ తరబడి నిప్పుకణికలా ఉన్న నొప్పి ఎక్కడుందా అని వెతుక్కున్నాను. లేదు.

అప్పుడు అర్థమైంది. వకీలు మోకాలి కింద ముద్ద నా మోకాలిది. దొర వీపు కింద గుంత నా భుజానిది, నేను పొట్టిదాన్ని కదా మరి. పదకొండు గదుల్లో, పదకొండు మంచాల మీద, అన్నీ నా పరుపులే. నాకు ఏడుపు ఆగలేదు. దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చాను. బాయి మంచం పక్కన నిలబడి నన్ను, నా ముడిచిన కాలిని, మా ఆయన్ని మార్చి మార్చి చూసింది. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

"ఏమైందమ్మా? ఏం తేలింది?" అని వరండాలోంచి శెట్టిగారు కేకేశాడు.

"తప్పు మాదే శెట్టిగారూ" అన్నాను, లేవకుండానే. "అన్నీ ఇప్పి మళ్ళీ కుడతాం. వారంలో ఇస్తాం."

శెట్టిగారు గొణుక్కుంటూ పోయాడు. షిరీన్ బాయి, ఈ పరుపు రేపు విప్పుదురు గాని, ఇవాళ ఈ గదిలో మీరిద్దరూ నా అతిథులు అంది. తలుపు తనే మూసి వెళ్ళింది.

అదీ నేను బొంబాయి హోటల్లో దిగిన కథ. పుదీనా వేసిన టీ వెండి పళ్ళెంలో వచ్చింది. తెచ్చిన ముసలి నౌకరుని చూసి నేను మంచం మీంచి లేచి నిలబడితే, ఆయన నన్ను చూసి ఇంకా వంగాడు. స్నానాల గదిలో పులి కాళ్ళ తొట్టి. అందులోకి దిగాలంటే భయమేసి, పక్కన కూర్చుని చెంబుతో పోసుకున్నాను. గోడకున్న గంట దేనికో చూద్దామని నొక్కితే నౌకరు మళ్ళీ వచ్చాడు. ఏం చెప్పాలో తెలియక టీ బాగుందని చెప్పి పంపాను. మా ఆయన మాత్రం తివాచీ మీద, మంచానికి ఆనుకుని కూర్చుని, మిద్దె మీదికి పోదామా అన్నట్టు తలుపు వంక చూస్తున్నాడు.

పొద్దు వాలేసరికి నేను మళ్ళీ పరుపెక్కి పడుకున్నాను. ఎర్ర గాజు రంగు నా చేతి మీద పడింది.

"ఏం పనప్పా ఇది?" అన్నాను.

"ఎవురో ఒకరు కావల్ల కదా మే. ముఖం తెలిసినోళ్ళు. నాకు నువ్వే వచ్చినావు."

"నా గుంత నువ్వు ఎప్పుడు సూసినావు?"

"సూసేది ఏముంది? ఇరవై రెండేండ్లు పక్కన పండుకుంటాండాను కదా?"

"మరి ఇంట్లో ఎందుకు కుట్టల్యా? ఎనిమిదేండ్లు అడిగినా నిన్ను. మూలుగుతాంటే ఇన్యావు. ఎందుకు కుట్టల్యా?"

కింద ట్రాము ఆగిపోయిన పాత పట్టాల మీద నుంచి బస్సులు పోతున్నాయి. ఆయన తివాచీ అంచు దారాలు సర్దుతూ కూర్చున్నాడు. ఎప్పుడైనా సిగ్గేస్తే చేతికి ఏదో ఒక దారం కావాలి ఆయనకి.

"మన ఇంట్లో ఒక పరుపుకే జాగా" అన్నాడు చివరికి. "నీ పరుపు నీకే సరిపోతాది. నువ్వు దాని మీద పండుకుంటే నేను సాప మీద. పక్కన నువ్వు లేకుంటే నాకు నిద్ర రాదు మే. నీ నొప్పి తెలుసు. తెలిసే కుట్టల్యా. తప్పే."

నేను ఆయన్ని తిట్టాలి. ఎనిమిదేళ్ళ నొప్పికి తిట్టాలి. న్యాయంగా అయితే గంటసేపు తిట్టాలి. తిట్లు వెతుక్కున్నాను కూడా. ఒక్కటీ నోటికి రాలేదు. ఇరవై రెండేళ్ళలో ఆ మనిషి నాతో ఇంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు.

ఆ పరుపు మీద ఇంకో ఘడియ ఉన్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, అంత సుఖం నా ఒళ్ళు ఎరగదు. తర్వాత దిండు తీసుకుని కిందికి దిగి ఆయన పక్కన తివాచీ మీద పడుకున్నాను.

"ఏమ్మే, సరిగ్గా రాల్యా?" అని కంగారుపడ్డాడు.

"సరిగ్గానే వచ్చినాది. జరుగు" అన్నాను.

తెల్లారి తుంటి నొప్పితో లేచాను. దబ్బనం, కత్తెర పట్టుకుని ఏడో నంబరు పరుపు కుట్టు నేనే విప్పాను. షిరీన్ బాయి పరుగున వచ్చి, ఇదొక్కటీ ఇట్లాగే ఉంచు, నీ గుర్తుగా ఉంటుంది అంది. నేను ఒప్పుకోలేదు. దారిన పోయే వకీళ్ళందరూ నా కొలతలో పడుకుంటారా? మా ఆయన నవ్వాడు. వారం రోజుల్లో పదకొండూ సమంగా, పలకల్లా కుట్టి ఇచ్చాం. అందరికీ నచ్చాయి. శెట్టిగారు మళ్ళీ తలెత్తుకుని దిగాడు, మా పేరు మళ్ళీ ఊరంతా చెప్పాడు. ఎవరైనా ఆ పరుపుల్ని పొగిడితే మాత్రం మా ఆయన లేచి అవతలికి పోయేవాడు. అవి తన పని కాదనేవాడు.

తర్వాత పదకొండేళ్ళు ఆయన పక్కన చాప మీదే పడుకున్నాను. పరుపు మాట మళ్ళీ ఎత్తలేదు. మోకాలి కింద చీర మడత జారితే ఆయనే లేచి సర్దేవాడు. ఎనభై ఆరు వానల్లో, దూది దుమ్ము పట్టిన దగ్గుతో పోయాడు.

ఇప్పుడు ఇంట్లో కావలసినంత జాగా. పిల్లలు ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. నేనొక్కదాన్నే కాబట్టి ఒక్క మనిషి పరుపు వేసుకుంటే అడిగేవాళ్ళు లేరు. దూది ఉంది, దబ్బనం ఉంది, కుట్టు నాకే వచ్చు. మూడుసార్లు గలేబు కుట్టి నింపబోయాను. మంచం మీద దూది పరిచి, పడుకుని, లేచి చూసుకుంటే, తుంటి నొప్పికి చేతులు ఊని లేచేటప్పుడే గుంత చెదిరిపోతుంది. ఆదోనిలో సగం మంది ఆడవాళ్ళ గుంతలు చూసినదాన్ని, నాది నాకు కనబడదు. ఎక్కడ గుప్పెడు ఎక్కువ వెయ్యాలో ఆయనకే తెలుసు. అందుకే ఇంకా చాప మీదే పడుకుంటున్నాను, కుడి పక్కకి తిరిగి, ఆయన ఉండే వైపుకి.